16 గంటల గీత

పోయిన ఉగాది సభలో భోజనాల దగ్గర దొర్లిన ఒక మాట ఈ వ్యాసానికి కారణమైంది. మన సంఘంలో పెద్దవారొకరు పులిహోర వడ్డించుకుంటూ మావైపు తిరిగి, "డాక్టరుగారూ, మీ సర్జరీకి వచ్చే జనాన్ని రోజూ చూస్తున్నారు గదా. వారానికి 16 గంటలు చేస్తారు. పదిహేడో గంట చెయ్యమంటే మాత్రం చెయ్యరు. మిగతాది మన పన్నుల్లోంచి లాగుతారు. ఇదేం దేశమండీ!" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. మేమూ మర్యాదకు నవ్వి ఊరుకున్నాము. ఇంటికి వచ్చిన తరువాత ఆ నవ్వు మాకే గుచ్చుకుంది.

ఎందుకంటే, మేము ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో చూసిన ఒక తల్లి గుర్తుకు వచ్చింది. ఇద్దరు పిల్లలు, భర్త లేడు, ఒక దుకాణంలో వారానికి 16 గంటల పని. నిద్ర పట్టడం లేదని వచ్చింది. మాట్లాడగా మాట్లాడగా బయటపడిన సంగతి ఇది: మేనేజరు ఆమెను సూపర్‌వైజరుగా వెయ్యి, 24 గంటలు పని ఇస్తామన్నాడు. ఆమె వద్దన్నది. "మంచి అవకాశం గదా, ఎందుకు వదులుకున్నారు?" అని కాస్త మందలింపుగానే అడిగాము. ఆమె సంచిలోంచి ఒక పాత కవరు తీసి, దాని వెనక పెన్సిలుతో వేసిన కూడికలూ తీసివేతలూ చూపించింది. పెరిగే జీతం ఇంత, తగ్గే సహాయం ఇంత, బస్సుకు ఇంత, పిల్లలను చూసే ఆవిడకు ఇంత. అడుగున మిగిలిన అంకె సున్నకన్నా కాస్త తక్కువ. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఆ లెక్క మేమూ వేసి చూశాము. తప్పు ఆమెది కాదు, లెక్క సరిగానే ఉంది.

ఆ 16 అనే అంకె ఎక్కడ పుట్టింది, ఎవరు గీశారు, ఎందుకు గీశారు అనే ప్రశ్న అప్పటినుంచీ మమ్మల్ని వదలలేదు. తెలుసుకున్నంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాము. ఇది పరాయి వారి కథ అని పాఠకులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. చివరికి వచ్చేసరికి ఇది మన ఇళ్ళలోకే వస్తుంది.

ముందుగా కాస్త వెనక్కు వెళ్ళాలి. జీతం చాలనివాడికి ఊరుమ్మడి సొమ్ముతో ఎంతో కొంత కలిపి ఇవ్వడం ఈ దేశంలో కొత్త సంగతి కాదు. 1795 మే 6న బర్క్‌షైర్ జిల్లా మేజిస్ట్రేట్లు స్పీన్‌హామ్‌లాండ్‌లోని పెలికన్ అనే సత్రంలో సమావేశమయ్యారు. యుద్ధం వల్లా, పంట చెడిపోవడం వల్లా రొట్టె ధర మండిపోతున్న రోజులవి. గ్యాలన్ రొట్టె ధర ఒక షిల్లింగు ఉన్నప్పుడు కష్టజీవికి వారానికి 3 షిల్లింగులు, అతని భార్యకూ ఇంట్లో తక్కినవారికీ తలకు ఒకటిన్నర షిల్లింగు వచ్చేటట్టు చూడాలనీ, కూలి అంతకు తక్కువైతే మిగతాది పేదల నిధి నుంచి కలపాలనీ వారు నిర్ణయించారు. రొట్టె ధర పెరిగితే ఇదీ పెరుగుతుంది. కొన్ని దశాబ్దాలు ఈ పద్ధతి దక్షిణ ఇంగ్లండులో చాలాచోట్ల నడిచింది.

దీనిమీద వచ్చిన విమర్శ ఏమంటే, తక్కువ ఇచ్చినా మిగతాది ఊరు పెట్టుకుంటుంది గనుక యజమానులు కూలి పెంచరనీ, ఎంత చేసినా అదే గనుక కూలీలు ఒళ్ళు వంచరనీ. ఈ విమర్శలో నిజమెంత అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు. కాని ప్రభుత్వం మటుకు దాన్ని పూర్తిగా నమ్మింది. 1834లో పేదల చట్టం మారింది. ఒళ్ళు బాగున్నవాడికి సహాయం కావాలంటే వర్క్‌హౌస్ అనే పని సత్రంలో చేరవలసిందే. 1844లోనూ 1852లోనూ వచ్చిన ఉత్తర్వులు ఈ నియమాన్ని ఇంకా బిగించాయి. కూలి చేసుకుంటున్న మగవాడికి అదే సమయంలో సహాయం ఇవ్వరాదన్నది వాటి సారాంశం. పనా, సహాయమా, రెండిటిలో ఒకటే. ఈ రెండింటి మధ్య గోడ కట్టడం అక్కడ మొదలైంది. తరువాతి నూటయాభై ఏళ్ళ కథ అంతా ఆ గోడను ఎక్కడ కట్టాలన్న వాదమే.

ఇక మనందరికీ తెలిసిన పేరు బెవరిడ్జ్. 1942 డిసెంబరులో వెలువడిన ఆయన నివేదిక మీదనే ఈనాటి సంక్షేమ రాజ్యం నిలబడింది. ఆ నివేదికను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. మనలో చాలామందికి అన్నం పెడుతున్న నేషనల్ హెల్త్ సర్వీసుకు దారి వేసిన పత్రం అది. ఐతే ఆ నివేదికలో కనిపించే కుటుంబం ఎలాంటిది? మగవాడు ఫ్యాక్టరీలో పూర్తికాలం పని చేస్తాడు, ఆడది ఇల్లు చూసుకుంటుంది. పని ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. ఈ రెండు పెట్టెల మధ్య ఉండే మనిషి, అంటే పిల్లలను బడికి పంపి నాలుగు గంటలు పని చేసి మళ్ళీ బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడే మనిషి, ఆ చిత్రంలో లేదు.

1948 జులై 5న, హెల్త్ సర్వీసు మొదలైన రోజునే, నేషనల్ అసిస్టెన్స్ చట్టం కూడా అమలులోకి వచ్చింది. జీతం వచ్చే పూర్తికాలపు పనిలో ఉన్నవారికి ఈ సహాయం వర్తించదని ఆ చట్టంలోనే రాశారు. 1966లో దాని పేరు సప్లిమెంటరీ బెనిఫిట్‌గా మారినా ఆ నియమం పోలేదు. పని చేస్తూ కూడా పేదగా ఉన్నవాడి సంగతి ఏమిటన్న ప్రశ్నకు 1946 ఆగస్టు నుంచి రెండో బిడ్డకూ, ఆ తరువాతి వారికీ వారానికి 5 షిల్లింగుల చొప్పున ఇచ్చిన ఫ్యామిలీ అలవెన్సు ఒక్కటే జవాబు.

అది చాలదని 1960ల చివరికి అందరికీ తెలిసిపోయింది. పనిలో ఉన్న కుటుంబాలలోనే వేలాదిమంది పిల్లలు పేదరికంలో ఉన్నారని పరిశోధకులు చూపించారు. అప్పటి కన్సర్వేటివ్ ప్రభుత్వం 1970లో చట్టం చేసి, 1971 ఆగస్టు నుంచి ఫ్యామిలీ ఇన్‌కం సప్లిమెంట్ అనే పథకం మొదలుపెట్టింది. స్పీన్‌హామ్‌లాండ్ తరువాత, జీతానికి సర్కారు సొమ్ము కలిపి ఇవ్వడం మళ్ళీ అప్పుడే. నిర్ణయించిన మొత్తానికీ ఇంటి ఆదాయానికీ ఉన్న తేడాలో సగం ఇస్తారు. షరతు ఏమంటే పని "పూర్తికాలం" అయి ఉండాలి. పూర్తికాలం అంటే వారానికి 30 గంటలు. అంతేకాదు, దంపతులైతే పనిచేసేవాడు భర్తే అయి ఉండాలని చట్టంలో రాశారు. భార్య 40 గంటలు చేసి భర్త ఇంట్లో పిల్లలను చూస్తే వర్తించదు. ఈ భర్త నియమం 1980లలో గాని పోలేదు.

ఈ విధంగా గంటల గీత మొదటిసారి స్పష్టంగా 30 దగ్గర పడింది. గీతకు ఈవల ఉంటే సప్లిమెంటరీ బెనిఫిట్, ఆవల ఉంటే ఫ్యామిలీ ఇన్‌కం సప్లిమెంట్. పథకం మొదలైన నాలుగు నెలలకే, 1971 డిసెంబరులో, ఫ్రాంక్ ఫీల్డ్, డేవిడ్ పియాషో అనే ఇద్దరు న్యూ స్టేట్స్‌మన్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. జీతం ఒక పౌండు పెరిగితే పన్ను రూపేణా, తగ్గే సహాయం రూపేణా ఆ పౌండంతా, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువే పోతున్నదని చూపించారు. దానికి వారు పెట్టిన పేరు "పావర్టీ ట్రాప్", పేదరికపు ఉచ్చు. ఉచ్చులో పడిన పిట్టను సోమరి అనం. ఉచ్చు పన్నినవాడిని గూర్చి ఆలోచిస్తాం. ఈ మాట పుట్టి యాభై ఏళ్ళు దాటింది.

తరువాత గీత జరుగుతూ వచ్చింది. 1979లో ఒంటరి తల్లిదండ్రులకు 30 కాస్తా 24 అయింది. నార్మన్ ఫౌలర్ చేపట్టిన సమీక్ష తరువాత 1986 చట్టం వచ్చింది. దాని ప్రకారం 1988 ఏప్రిల్‌లో పాత పథకాలు పోయి ఇన్‌కం సపోర్ట్, ఫ్యామిలీ క్రెడిట్ అనేవి వచ్చాయి. అప్పుడు గీత అందరికీ 24 దగ్గర గీశారు. 24 కన్నా తక్కువ చేస్తే ఇన్‌కం సపోర్ట్, 24 గాని అంతకు ఎక్కువ గాని చేస్తే ఫ్యామిలీ క్రెడిట్. నాలుగేళ్ళు తిరగకముందే, 1992 ఏప్రిల్‌లో, దాన్ని 16కు దించారు. మన ఉగాది భోజనాల దగ్గర నవ్వు తెప్పించిన అంకె పుట్టింది అప్పుడు.

దించినవారి ఉద్దేశం మంచిదే. పిల్లలున్న తల్లి 24 గంటలు చేయలేకపోవచ్చు, 16 చేయగలదు. రోజుకు మూడు గంటలు, వారానికి ఐదు రోజులు, పైన ఒక గంట. బడి వేళలకు సరిపోతుంది. పనిలోకి తేవడానికి గడప ఎత్తు తగ్గించారు, అంతే.

ఆ తరువాత జరిగినదాన్ని ఆర్థికవేత్తలు శ్రద్ధగా గమనించారు. వారిలో రిచర్డ్ బ్లండెల్ ముఖ్యులు. ఒంటరి తల్లులు వారానికి ఎన్ని గంటలు పని చేస్తున్నారో గ్రాఫు గీస్తే, 1992కు ముందు 24 దగ్గర ఒక గుట్ట కనబడేది. గీత 16కు జరిగిన తరువాత ఆ గుట్ట కూడా 16 దగ్గరికి జరిగింది. పిల్లలు లేని స్త్రీల గ్రాఫులో ఇటువంటి గుట్ట లేదు. వైద్యులుగా మాకు ఈ రుజువు చాలా నచ్చింది. రోగి స్వభావమే కారణమైతే మందు మార్చినప్పుడు లక్షణం స్థలం మారదు. గీతతోబాటు గుట్ట కదిలిందంటే, ఆ గుట్టకు కారణం మనుషుల సోమరితనం కాదు, గీతే.

ప్రభుత్వానికీ ఇది తెలిసింది. 1995 జులైలో 30 గంటలు చేసేవారికి వారానికి 10 పౌండ్లు అదనంగా ఇవ్వడం మొదలుపెట్టారు. 1999 అక్టోబరులో లేబర్ ప్రభుత్వం ఫ్యామిలీ క్రెడిట్‌ను మార్చి వర్కింగ్ ఫ్యామిలీస్ టాక్స్ క్రెడిట్ అన్నది. 2003 ఏప్రిల్‌లో అది వర్కింగ్ టాక్స్ క్రెడిట్ అయింది. పేర్లు మారాయి, సొమ్ము పెరిగింది, పిల్లలు లేని 25 ఏళ్ళు దాటినవారికి కూడా 30 గంటలు చేస్తే ఇచ్చారు. పిల్లలున్నవారికి మాత్రం 16 అలాగే ఉండిపోయింది.

అసలు ఆ తల్లి కవరు వెనక వేసిన లెక్క ఎలాంటిదో 2011-12 సంవత్సరపు రేట్లతో చూద్దాం. ఆదాయపు పన్ను కట్టే స్థాయి దాటినవారు ఇంకొక్క పౌండు సంపాదించారనుకుందాం. అందులో పన్ను 20 పెన్నీలు, నేషనల్ ఇన్సూరెన్స్ 12 పెన్నీలు, టాక్స్ క్రెడిట్ తగ్గింపు 41 పెన్నీలు. మొత్తం 73 పోయి 27 మిగిలాయి. ఇంటి అద్దెకు హౌసింగ్ బెనిఫిట్ తీసుకుంటున్నవారైతే, ఆ మిగిలిన దానిలో నూటికి 65 వంతులు అక్కడ తగ్గుతాయి. కౌన్సిల్ టాక్స్ సహాయం ఉంటే మరో 20 వంతులు తగ్గుతాయి. చివరకు చేతిలో నిలిచేది 4 పెన్నీలు. వందకు 96 పోయాయి. బస్సు టికెట్టు, పిల్లలను చూసే ఆవిడ జీతం ఇంకా ఇవ్వనే లేదు. పాఠకులలో ఎంతమంది గంటకు 40 పెన్నీల కోసం పిల్లలను వదిలి అదనపు డ్యూటీకి వెళతారో వారే చెప్పాలి.

గీత ఆవలివైపు నుంచి కూడా దెబ్బ తీయగలదు. 2012 ఏప్రిల్‌లో పిల్లలున్న దంపతులకు 16 బదులు ఇద్దరికీ కలిపి 24 గంటలు, అందులో ఒకరు కనీసం 16 చేయాలని మార్చారు. అప్పటికి 16 మీద నెట్టుకొస్తున్న కుటుంబాలు మిగతా 8 గంటల కోసం యజమానులను అడిగితే, దేశం ఆర్థిక మాంద్యంలో ఉన్న కాలమది, ఇవ్వడానికి వారి దగ్గర గంటలు లేవు. గంటలు దొరకని ఇంటికి ఏడాదికి 3,800 పౌండ్లకు పైగా పోయే పరిస్థితి ఏర్పడింది. గంటలు ఎన్ని అన్నది పనివాడి చేతిలోనే ఉన్నదన్న భ్రమ మీద ఈ గీతలన్నీ నిలిచి ఉన్నాయి. నిజానికి దుకాణాలలోనూ, వృద్ధాశ్రమాలలోనూ గంటలు పంచేది యజమాని.

వైద్యులమైన మాకూ ఈ 16తో పాత బంధుత్వం ఉంది. జబ్బు వల్ల ఇన్‌కపాసిటీ బెనిఫిట్ పొందేవారు "వైద్యరీత్యా మేలు చేసే పని" వారానికి 16 గంటల లోపు చేసుకోవచ్చునని, ఐతే డాక్టరు సలహా ఉండాలని 1990లలో నియమం ఉండేది. 2002 ఏప్రిల్‌లో ఆ డాక్టరు షరతు తీసేసి దానికి "పర్మిటెడ్ వర్క్" అని పేరు పెట్టారు. 16 మాత్రం పోలేదు. 2008లో వచ్చిన ఎంప్లాయ్‌మెంట్ అండ్ సపోర్ట్ అలవెన్సులోనూ అదే కొనసాగింది. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాడు 15 గంటలు చేస్తే రోగి, 16 చేస్తే ఆరోగ్యవంతుడు. శరీర శాస్త్రంలో మేము చదివిన పుస్తకాలలో ఎక్కడా ఇటువంటి అంకె లేదు.

ఇంతవరకూ సర్కారు సహాయం సంగతి. పని చేసే చోట హక్కులకు కూడా గంటల గీతలు ఉండేవి. 1963 చట్టం ప్రకారం వారానికి 21 గంటలు చేసినవారికే నోటీసు వంటి హక్కులు. 1975లో దాన్ని 16కు దించారు. అంతకు తక్కువ, కాని 8 గంటలకు తగ్గకుండా చేసేవారు ఐదేళ్ళు ఒకేచోట పని చేయాలి. 8 గంటల లోపు చేసేవారికి ఏమీ లేదు. పార్ట్‌టైం చేసేవారిలో అత్యధికులు స్త్రీలు గనుక ఇది స్త్రీల పట్ల వివక్షేనని ఈక్వల్ ఆపర్చునిటీస్ కమిషన్ కోర్టుకు వెళ్ళింది. 1994 మార్చిలో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఔనన్నది. 1995 ఫిబ్రవరిలో ఆ గంటల గీతలన్నీ చెరిపేశారు. గంటల నియమం తీసేస్తే యజమానులు పార్ట్‌టైం పనులే ఇవ్వరని అంతకు ముందు ప్రభుత్వం వాదించింది. గీత చెరిగింది, పార్ట్‌టైం పనులు మాత్రం మాయం కాలేదు.

పింఛను సంగతీ అంతే. మన హెల్త్ సర్వీసులోనే 1991 వరకూ సగం కాలానికి తక్కువ పనిచేసేవారికి పింఛను పథకంలో చోటు లేదు. పిల్లల కోసం వారానికి కొద్దిరోజులే చేసిన నర్సులూ, క్లర్కులూ, ఇతర సిబ్బందీ పదేళ్ళు, పదిహేనేళ్ళు చేసినా ఆ కాలం లెక్కకు రాలేదు. 1994లో యూరోపియన్ కోర్టు తీర్పుల తరువాత ఈ దేశంలో సుమారు 60,000 మంది పార్ట్‌టైం ఉద్యోగులు దావాలు వేశారు. అందులో ముఖ్యమైనది ఒక హెల్త్ సర్వీసు ట్రస్టు పేరుతోనే చట్ట గ్రంథాలలోకి ఎక్కింది. 2001 దాకా ఆ వ్యాజ్యం లార్డ్స్ ముందు నడిచింది. ఈలోగా 2000 జులై 1 నుంచి, పార్ట్‌టైం అన్న కారణంతో తక్కువగా చూడరాదనే నిబంధనలు వచ్చాయి. మన ఆడపడుచులు వారానికి మూడు రోజులు పని చేస్తూ కూడా ఈరోజు పింఛను జమ చేసుకుంటున్నారంటే, దాని వెనక ఆ పేరు తెలియని వేలమంది ఉన్నారు.

ఇక వర్తమానానికి వద్దాం. గంటల గీతలను మొత్తంగా తీసేయాలన్న ఆలోచనతో 2012లో చట్టం చేసి, 2013 ఏప్రిల్‌లో ఆష్టన్-అండర్-లైన్‌లో యూనివర్సల్ క్రెడిట్ మొదలుపెట్టారు. గంటలు అడగరు. సంపాదన పెరిగే కొద్దీ సహాయం నెమ్మదిగా తగ్గుతుంది. మొదట పౌండుకు 65 పెన్నీలు తగ్గేవి, 2017లో 63 అయింది, 2021 చివరలో 55 అయింది. టాక్స్ క్రెడిట్లు 2025 ఏప్రిల్ 5తో ముగిశాయి. కనుక మన పెద్దవారు చెప్పిన పదహారు, పదిహేడు గంటల కథ చాలామటుకు పాతబడిన కథ. ఆ పదిహేడో గంటకు ఈనాడు పూర్వంకన్నా విలువ ఉంది.

ఐతే ముందు తలుపు నుంచి పంపేసిన గంటలు పెరటి తలుపు గుండా మళ్ళీ వచ్చాయి. యూనివర్సల్ క్రెడిట్‌లో ఉన్నవారిని ఇంకా పని వెతకమని ఒత్తిడి చేయాలా వద్దా అనే నిర్ణయం సంపాదన మీద ఆధారపడుతుంది. ఆ సంపాదనను కొలిచేది కనీస వేతనంతో హెచ్చించిన గంటలలో. ఒంటరి మనిషికి ఆ కొలత మొదట వారానికి 9 గంటలు, 2022 సెప్టెంబరులో 12, 2023 జనవరిలో 15, 2024 మేలో 18. రెండేళ్ళ లోపల రెట్టింపు.

వృద్ధులనూ, వికలాంగులనూ ఇంట్లో చూసుకునేవారి భత్యం ఇంకా విచిత్రం. ఇది 1976లో మొదలైంది. పెళ్ళైన స్త్రీలకు ఇవ్వలేదు. ఇంట్లో వారు ఎలాగూ ఉంటారు గదా అన్నది తర్కం. 1986లో యూరోపియన్ కోర్టు కొట్టేసేదాకా అలాగే నడిచింది. ఈ భత్యానికి వారానికి 35 గంటలు సేవ చేయాలి, బయట సంపాదన ఒక హద్దు దాటరాదు. ఒక్క పెన్నీ దాటితే ఆ వారపు భత్యం మొత్తం పోతుంది. 2024లో ఆ హద్దు 151 పౌండ్లు. అప్పటి కనీస వేతనం గంటకు 11.44 పౌండ్లు. అంటే 13 గంటలు దాటితే ప్రమాదమే. కనీస వేతనం పెరిగిన ప్రతి ఏప్రిల్‌లోనూ, హద్దు దానితో సమానంగా పెరగనందువల్ల, చేయదగిన గంటలు చెప్పాపెట్టకుండా తగ్గిపోయేవి. తెలియక హద్దు దాటినవారి మీద వేల పౌండ్ల బాకీలు పడ్డాయన్న వార్తలు ఆ ఏడాది పత్రికలలో అందరూ చదివే ఉంటారు. 2025 ఏప్రిల్‌లో హద్దును 196కు పెంచి, కనీస వేతనంపై 16 గంటల లెక్కకు కట్టారు. చూశారా, 16 మళ్ళీ వచ్చింది.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. ఇంగ్లండులో పసిపిల్లలకు వారానికి 30 గంటల ఉచిత సంరక్షణ 2017 సెప్టెంబరులో మొదలై, 2025 సెప్టెంబరు నాటికి తొమ్మిది నెలల పిల్లల వరకూ విస్తరించింది. దీనికి తల్లీ తండ్రీ ఇద్దరూ కనీస వేతనంపై 16 గంటలకు సమానమైన సంపాదన చూపించాలి. పరీక్షలకు చదువుకుంటూ వారానికి పది గంటలు మాత్రమే పని చేసే మన డాక్టరు కోడలికి ఈ సహాయం అందకపోవడానికి కారణం ఆ పాత గీతే. ఇక వీసా మీద "సర్కారు సహాయానికి అర్హత లేదు" అన్న షరతు ఉన్న కుటుంబాల సంగతి వేరు. 1999 చట్టం 115వ సెక్షన్ కింద పైన చెప్పిన సహాయాలు చాలామటుకు వారికి ఎన్ని గంటలు చేసినా రావు. నేషనల్ ఇన్సూరెన్స్ చందా వల్ల వచ్చేవీ, చట్టప్రకారం యజమాని ఇచ్చే ప్రసూతి జీతం వంటివీ మాత్రం ఆ షరతు కిందికి రావని గుర్తుంచుకోవాలి.

పార్ట్‌టైం చేసే మన స్త్రీలు మరొకటి గమనించాలి. ప్రభుత్వ పింఛనుకు ఒక ఏడాది జమ కావాలంటే ఒక ఉద్యోగంలో కనీస సంపాదన ఉండాలి. 2025-26లో అది వారానికి 125 పౌండ్లు. వంద చొప్పున రెండు వేర్వేరు యజమానుల దగ్గర సంపాదించిన ఆవిడకు చేతికి 200 వచ్చినా, రెండూ విడివిడిగా హద్దుకు లోపలే గనుక ఆ ఏడాది జమ కాకపోవచ్చు. పూర్తి పింఛనుకు సాధారణంగా 35 ఏళ్ళు కావాలి, పదేళ్ళకు తక్కువైతే ఏమీ రాదు. ఇంట్లో ఎవరికైనా ఇటువంటి రెండు చిన్న ఉద్యోగాలు ఉంటే ఈ రాత్రే లెక్క చూసుకోండి.

చివరిగా, ఆ ఉగాది నవ్వుకు జవాబు. ఉచిత సంరక్షణకు కింద 16 గంటల గీత ఉన్నట్టే పైన కూడా ఒక గీత ఉంది. తల్లిదండ్రులలో ఏ ఒక్కరి ఆదాయమైనా లక్ష పౌండ్లు దాటితే ఆ సహాయం మొత్తం పోతుంది. 2010 ఏప్రిల్ నుంచి లక్ష దాటినవారికి పన్నులేని ఆదాయపు భాగం కూడా కరుగుతూ వస్తుంది. ఆ మెట్టు మీద వందకు 60 పన్ను, 2 ఇన్సూరెన్స్, కలిపి 62 పోతాయి. దీనికి మన డాక్టర్లు ఏమి చేస్తున్నారు? 99 వేల దగ్గర ఆగుతున్నారు. వారానికి ఒక రోజు తగ్గించుకుంటున్నారు, అదనపు డ్యూటీలు వద్దంటున్నారు, మిగతాది పింఛనులో వేస్తున్నారు. 2016లో పింఛను పన్ను నియమాలు మారినప్పుడు, పెద్ద కన్సల్టెంట్లు ఎందరో, వచ్చే జీతం కన్నా పన్ను ఎక్కువవుతుందని చెప్పి సెషన్లు వదులుకున్నారు. 2020లోనూ 2023లోనూ ప్రభుత్వమే దిగివచ్చి నియమాలు సడలించింది. ఆ రోజుల్లో వారిని ఎవరూ సోమరులనలేదు. నియమం బాగాలేదన్నారు, దాన్ని మార్చారు.

మేము ఎవరినీ నిందించడం లేదు. మా ఇంట్లోనూ ఈ లెక్కే వేశాము. పెన్సిలు, కాగితం, కూడికలు, తీసివేతలు. మా కాగితం అడుగున మిగిలింది వందకు 38. ఆ తల్లి కవరు మీద మిగిలింది ఏమీ లేదు. మా లెక్కను వివేకమనుకున్నాము, ఆమె లెక్కను సోమరితనమన్న మాట వింటూ నవ్వాము.

గీతలు గీయక ప్రభుత్వానికి తప్పదు. ఎక్కడో ఒకచోట గీయాలి. ఐతే గీత గీసిన తరువాత దాని దగ్గర జనం గుమిగూడితే, ముందుగా గీతను చూడాలి, తరువాత జనాన్ని. ఈసారి ఉగాదికి ఆ పెద్దవారు మా పక్కన కూర్చుంటే, ఈ సంగతి స్వయంగా చెబుతామని అనుకుంటున్నాము. పులిహోర చల్లారిపోతే పోనివ్వండి.